దొర కాసు

నేనే తోమాను. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరి మీదా నెట్టే పని లేకుండా. నలభై ఏడేళ్ళుగా మా పాలెంలో ఏ ఆడపిల్ల పెళ్ళయినా ఆ కాసు తోమింది ఈ ప్రేమమ్మే. చింతపండు నానేసి, ఎర్ర ఇటుక దంచి, గుడ్డలో జల్లించి, బొటనవేలు పెట్టి రుద్దేదాన్ని. నిప్పులా మెరవాలి నాకు. మెరవకపోతే మళ్ళీ తోమేదాన్ని.

మాది చిలకలూరిపేట అవతల నల్లరేగడిలో ఒక పాలెం. ఊరికి పడమట మేము, మాకు పడమట మా సమాధుల దొడ్డి. అరవై సెంట్లు. ఒకప్పుడు చుట్టూ గోడ ఉండేది, ఇప్పుడు ముళ్ళకంప ఉంది. మా అత్తమామలు, మా అమ్మ, మా ఆయన ఏసోబు అక్కడే ఉన్నారు. నా కూతురూ అక్కడే ఉంది. మూడు రోజుల పిల్ల. బాప్తిస్మం కాలేదు, పేరు పెట్టలేదు, అందుకని సిలువ పాతలేదు. గుర్తు ఉండాలని ఏసోబు ఒక సీతాఫలం మొక్క నాటాడు. అది చెట్టయింది, కాయలు కాసింది. పాలెం పిల్లకాయలు కోసుకు తినేవాళ్ళు. నేను మాత్రం ఏనాడూ ఒక్క గింజ నోట్లో పెట్టలేదు.

మొన్న మిరపకాయలు కల్లాల్లో ఆరుతున్నప్పుడు నోటీసొచ్చింది, ఆ దొడ్డి మీదుగా రోడ్డు పోతుందని. నాలుగు బళ్ళు పక్కపక్కన పోయే రోడ్డంట. మేమంతా కలిసి ఆఫీసుకి పోయాం. నేనైతే తగాదా పెట్టుకోవాలనే పోయాను, కొంగు బిగించి మరీ. తీరా చూస్తే ఆఫీసరు మంచివాడు. కుర్చీలు వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. చెడ్డవాడైతే తిట్టుకునైనా ఉండేదాన్ని, అదీ లేకుండా పోయింది. ఆయన చెప్పిందేమిటంటే, రికార్డులో ఆ అరవై సెంట్లు వాగు పోరంబోకు అని ఉంది, శ్మశానం అని లేదు. శ్మశానమైతే రోడ్డుని పక్కన పత్తిచేలోకి జరపొచ్చు, రూలుంది. పాత సర్వే జరిగింది పద్దెనిమిది వందల తొంభై రెండులో. అంతకు ముందునుంచీ అది సమాధుల దొడ్డే, సర్వేవాళ్ళు రాయడం మరిచిపోయారు అని చూపించే ఆధారం ఏదైనా తెస్తే తాను పైకి రాస్తానన్నాడు. నెల గడువిచ్చాడు. ఆధారం లేకపోతే దొడ్డి తవ్వే మిషను వస్తుంది.

ఆధారం ఎక్కణ్ణుంచి తెస్తాం? మా తాతలు పాలేళ్ళు. వాళ్ళకి కాయితం ఎవరిచ్చారు గనక?

ఆ మాటే గుడి ముందు కూర్చుని అనుకుంటుంటే కాసు సంగతి ఎత్తింది స్తుతి. స్తుతి మా చెల్లెలి మనవరాలు, కోల్డ్ స్టోరేజీలో కంప్యూటరు మీద పని చేస్తుంది. పెళ్ళి కుదిరింది, ఇంకా అయిదు వారాలుంది. ఆ పిల్ల ఎక్కడో చదివిందంట, దొరలు ఏది కట్టినా పునాదిరాయి కింద ఆ ఏడాది అచ్చయిన కొత్త కాసు పెడతారంట, ఎప్పుడు కట్టారో తర్వాతవాళ్ళకి తెలియాలని. మన కాసు దొడ్డిగోడ రాయి కిందే కదా దొరికింది, దాని మీద ఏ సంవత్సరముంటే అదే మన దొడ్డి సంవత్సరం అంది. పాస్టరుగారు కుర్చీలోంచి లేచి నుంచున్నాడు. అందరూ నా వంక చూశారు, ఎందుకంటే కాసు ఉండేది నా పెట్టెలో. దాని మీద అంకెలు ఏమయ్యాయో నాకు తెలుసు. అయినా బయటపడలేదు.

ఆ కాసు కథ చెప్పాలి మీకు. డెబ్భై ఏడు తుఫానుకి దొడ్డిగోడ కూలింది. వాకిలి పక్క మూలరాయి దొర్లిపోతే దాని గుంటలో ఒక మందు సీసా కనబడింది ఏసోబుకి. అప్పటికి మాకింకా పెళ్ళి కాలేదు. సీసాలో కాయితం ఉంది గానీ చేత్తో పట్టుకోగానే తడిసిన అటుకుల్లా ఊడిపోయింది. అడుగున ఈ కాసు. కొత్తది, పచ్చగా, నిన్న అచ్చు కొట్టినట్టుంది. జర్మనీ దొర ఒకాయన మన తాతలకి ఆ నేల కొనిపెట్టి గోడ కట్టించాడని పెద్దవాళ్ళు చెబుతుండేవాళ్ళు, ఆయన పెట్టిందే అన్నారు. అమ్మేద్దాం, గుడికి రేకులు వేద్దాం అన్నవాళ్ళున్నారు. మా మామ ఒప్పుకోలేదు. మన ఆడపిల్లలు మెడలో గురిగింజంత బంగారం లేకుండా గుడిలోకి నడుస్తున్నారు, ఇది పెళ్ళికూతుళ్ళది, పెళ్ళి రోజు వేసుకోవాలి, మర్నాడు తిరిగి ఇచ్చేయాలి అన్నాడు. పేటలో కంసాలి దానికి కొక్కెం అతికించాడు. మొదట వేసుకున్నది నేనే. పదిహేడేళ్ళు నాకు. తెల్లదారానికి గుచ్చి మెడలో వేస్తే, ఆ రోజంతా తల దించి దాన్నే చూసుకున్నాను. సిగ్గుపడుతుందని అందరూ మెచ్చుకున్నారు. సిగ్గూ లేదు పాడూ లేదు, నేను కాసులో మనిషిని చూస్తున్నాను.

ఒక పక్క గద్ద. ఇంకో పక్క ముసలాయన తలకాయ. బట్టతల, మెడ దగ్గర ముడత, చెవి కిందనుంచి మీసం దాకా గుబురుగా బుగ్గమీసాలు. మా పక్క మేకపోతులు కొన్నిటికి ఉంటాయే, అట్టా. నాకు నవ్వొచ్చింది కూడా. బుగ్గమీసాల తాత అని పేరు పెట్టాను. రాత్రి ఏసోబుకి చెబితే వాడూ నవ్వాడు. కాసు చుట్టూ ఇంగ్లీషు అక్షరాలున్నాయి, అంకెలున్నాయి. నాకు అంకెలు రావప్పుడు. మిరపకాయ బస్తాల మీద నంబర్లు చూసి చూసి తర్వాత నేర్చుకున్నాను. నేర్చుకునేటప్పటికి కాసు మీద అంకెలు లేవు.

తోమొద్దని నాకు చెప్పినవాడు లేకపోలేదు. మా బడి సామ్యూలు మాస్టారు ఒక పెళ్ళిలో కాసు చేతిలోకి తీసుకుని, ఇటుకపొడి వెయ్యకు ప్రేమమ్మా, బంగారం మెత్తన, అరుగుతుంది అన్నాడు. నేను ఊరుకుంటానా? బంగారం అరిగితే ఇంకేం బంగారం మాస్టారూ, మీ ఆవిడ ఇత్తడి బిందె కూడా అరగలేదే అన్నాను. పదిమందీ నవ్వారు. ఆయన కాసు ఇచ్చేసి పోయి బంతిలో కూర్చున్నాడు. కాసు మీద సంవత్సరం ఆయన చదివే ఉంటాడు. బతికుండగా అడిగి ఒక గోడమీద బొగ్గుతో రాయించుకున్నా సరిపోయేది. అవసరమొస్తుందని ఎవడికి తెలుసు?

స్తుతీ నేనూ గుంటూరు పోయాం. ముందు బంగారపు కొట్లో చూపించాం. అతను గీటురాయి మీద గీసి, ఇరవై రెండు కేరట్లకి కొంచెం తక్కువ, కరిగిస్తారా అన్నాడు. నిన్ను కరిగిస్తాను ముందు అన్నాను. స్తుతి నన్ను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. వాళ్ళ మేనేజరు ఎవరో చెప్పారంట, లాలాపేటలో హుస్సేన్ సాహెబ్ అని గడియారాలు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు, పాత నాణేలంటే ప్రాణం, ఆయన చూసి చెప్పాడంటే కాలేజీవాళ్ళు కూడా ఒప్పుకుంటారు అని. మేడ మెట్లెక్కేసరికి నా మోకాళ్ళు పట్టేశాయి. చిన్న గది, గోడ నిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తోంది.

సాహెబ్ గారికి డెబ్భై దాటి ఉంటాయి. మమ్మల్ని కూర్చోబెట్టి, కాసుని మెత్తని గుడ్డ మీద పెట్టుకుని, కంటికి అద్దం తగిలించుకున్నాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. దీపం పక్కకి జరిపి ఏటవాలుగా వెలుగు పడేట్టు చూశాడు. పల్చటి కాయితం వేసి పెన్సిలుతో రుద్దాడు. కాయితం మీద నల్లగా ఒక గుండ్రం పడింది, అందులో మెడ లాంటి వంపు ఒకటి, అంతే. అద్దం తీసి నా వంక చూశాడు.

"దీన్ని ఏం చేశారమ్మా?"

"తోమాను," అన్నాను.

ఎన్నిసార్లు అని అడిగాడు. పెళ్ళికి ఒకసారి అన్నాను. ఎన్ని పెళ్ళిళ్ళు అన్నాడు. ఏడాదికి నాలుగయినా అవుతాయి, నలభై ఏడేళ్ళు, మీరే లెక్క కట్టుకోండి అన్నాను విసురుగా. ఆయన కట్టలేదు. నా బొటనవేలు వంక చూశాడు. మిరపకాయల తొడిమలు తీసీ తీసీ నా వేళ్ళకి గీతలు పోయి ఎప్పుడో నున్నబడ్డాయి, పింఛను మిషనులో ముద్ర పడక కళ్ళు పెట్టి తీస్తారు నాకు. ఆ వేలితోనే రుద్దాను మరి.

నేను లేవబోయాను. ఆయన ఉండమన్నాడు. కాసుని నిలువుగా పట్టుకుని అంచు చూడటం మొదలుపెట్టాడు. నేను మొహాలు తోమానే గానీ అంచు ఎవరు తోముతారు? అద్దం కింద కాసుని కొంచెం కొంచెం తిప్పుతూ పెదాలు కదిపాడు. తర్వాత నా చెయ్యి తీసుకుని, గోరు అంచు మీద పెట్టి తిప్పాడు. సన్నగా గరుకు తగిలింది. అక్షరాలంట అవి. ఒక అక్షరం మాత్రం కంసాలి కొక్కెం కింద పోయింది.

"గోట్ మిట్ ఉన్స్. జర్మన్ భాషమ్మా. దేవుడు మనతో ఉన్నాడు అని."

ఇమ్మానుయేలు అనే మాటకి అర్థం అదే కదా, దేవుడు మనకు తోడు. క్రిస్మస్సుకి అయిదేళ్ళ పిల్ల కూడా ఒప్పజెబుతుంది. ఆ మాట మా కాసు మీద ఇన్నాళ్ళూ ఉంది, మా ఆడపిల్లల గుండెల మీద వేలాడింది, మాకు తెలియలేదు. నాకు ఏడుపొచ్చేసింది. స్తుతి కూడా కళ్ళు తుడుచుకుంది. ఇక పనైపోయింది అనుకున్నాను నేను, పిచ్చిదాన్ని.

సాహెబ్ గారు తన త్రాసులో తూచి, వెడల్పు కొలిచి, ఒక లావుపాటి పుస్తకం తీశాడు. ఇంగ్లండు సవరను కాదు, సవరనుకి అంచు మీద గీతలే ఉంటాయి, అక్షరాలుండవు. ఇది జర్మనీ ఇరవై మార్కుల బంగారు నాణెం, అందులో అనుమానం లేదు అన్నాడు. అయితే ఆ నాణేలు పద్దెనిమిది వందల డెబ్భై ఒకటి నుంచి పంతొమ్మిది వందల పదిహేను దాకా అచ్చయ్యాయి. మీకు తొంభై రెండుకి ముందుది కావాలి. సంవత్సరం అరిగింది, తల అరిగింది. తలన్నా ఉంటే బాగుండేది, ఎందుకంటే ముసలి రాజు ఎనభై ఎనిమిదిలో పోయాడు, ఆయన బొమ్మ ఉన్న కాసు తప్పకుండా దానికి ముందుదే. ఆయన మనవడిదైతే తర్వాతది, అది తొంభై రెండుకి ముందో వెనకో చెప్పలేం. అంటూ పుస్తకం నా వైపు తిప్పాడు. పేజీలో పక్కపక్కన రెండు కాసుల ఫోటోలు. ఒకడు వయసులో ఉన్నవాడు, జుట్టుంది, మీసం కొసలు పైకి తిప్పాడు. రెండోవాడు.

బట్టతల, మెడ ముడత, చెవి కిందనుంచి గుబురు. నలభై ఏడేళ్ళ తర్వాత మళ్ళీ కనబడ్డాడు. ఏసోబు నవ్వింది కూడా గుర్తొచ్చింది.

"ఈయనే," అన్నాను. "బుగ్గమీసాల తాత. ఈయనే, సాహెబ్ గారూ."

ఆయన స్తుతి వంక చూశాడు. స్తుతి, నేను ఈ పేరు తన చిన్నప్పుడే చెప్పానని, పుస్తకం చూసి పుట్టించింది కాదని చెప్పింది. పాలెంలో పెద్ద ఆడవాళ్ళు ఎవరినడిగినా చెబుతారంది. ఆయన పుస్తకం మూశాడు. తర్వాత, మీ కాసు ముసలి రాజుదే, నేను నమ్ముతున్నాను అన్నాడు.

నమ్మితే రాసివ్వండి అన్నాను. ఎనభై ఎనిమిదికి ముందుది అని ఒక్క ముక్క. అడిగాను, బతిమాలాను, ఆఖరికి కోప్పడ్డాను కూడా. మీ వాళ్ళ ఖబరస్తాను మీదుగా రోడ్డేస్తే ఇట్టాగే కూర్చుంటారా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన నొచ్చుకున్నట్టు కనబడలేదు గానీ అద్దం గుడ్డతో తుడుస్తూ చెప్పాడు.

"రాయొచ్చమ్మా. ఇంకొకడు అద్దం పెట్టి చూస్తే ఇందులో తల లేదు. అప్పుడు నా అబద్ధంతో పాటు మీ నిజం కూడా పోతుంది."

కనబడ్డదే రాసిచ్చాడు. జర్మనీ ఇరవై మార్కుల నాణెం, సంవత్సరం నిర్ణయించడానికి వీలు లేదు అని. కింద ఇంకో వాక్యం, నాణెం కొత్తగా ఉన్నప్పుడు చూసిన ప్రేమమ్మ గారు ముసలి రాజు బొమ్మను గుర్తుపట్టారని, ఆమె మాట నమ్మదగినదని. డబ్బు తీసుకోలేదు. మెట్లు దిగేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుని కింద దాకా దింపాడు.

బస్సులో స్తుతి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను మాత్రం పక్కసీటు ఆవిడకి కాసు అంచు చూపించి, దేవుడు మనతో ఉన్నాడని రాసుంది చూడు అని చెప్పాను. వెనకసీటు వాళ్ళకీ చెప్పాను. ఆదివారం పాస్టరుగారు దాని మీదే ప్రసంగం చేశాడు. మన తాతల సమాధుల కింద దేవుడు ఈ మాట దాచిపెట్టి, ఇప్పుడు మనకి అవసరమైన వేళ బయటపెట్టాడు అన్నాడు. ముసలీ ముతకా అందరూ వరసలో వచ్చి అంచు మీద గోరు పెట్టి చూసుకున్నారు. రోడ్డు జరుగుతుంది, నిశ్చయంగా జరుగుతుంది అన్నారు. నేనూ ఆమేన్ అన్నాను. గట్టిగానే అన్నాను.

మళ్ళీ ఆఫీసుకి పోయేటప్పుడు నా పెళ్ళిఫోటో కూడా పట్టుకుపోయాను. ఫోటోలో కాసు ఉంది, బియ్యపు గింజంత తెల్లచుక్క. ఆఫీసరు ఫోటో చూశాడు, సాహెబ్ గారి కాయితం రెండుసార్లు చదివాడు. కాసు తీసుకుని కిటికీ దగ్గరికి పోయి వెలుగులో అటూ ఇటూ తిప్పాడు.

"ఇందులో ఏముందమ్మా చూడటానికి?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

నేను చెప్పాను. అంతా చెప్పాను. మొదటి రోజు ఎట్టా ఉందో, మీసం ఎట్టా వంపు తిరిగిందో, గద్ద రెక్కలు ఎట్టా విప్పుకుందో. అరగదీసింది నేనేనని, నా తప్పుకి చచ్చినవాళ్ళని లేపొద్దని చెప్పాను. నా కూతురి సంగతి చెప్పాను, సీతాఫలం చెట్టు సంగతి చెప్పాను. ఆఫీసులో పని చేసేవాళ్ళు కూడా చేతులు ఆపి విన్నారు. మీ మాట వాంగ్మూలంగా రాసుకుంటాను, పైకి పంపుతాను అన్నాడు ఆఫీసరు. కంప్యూటరులో కొట్టించి, వేలిముద్ర వెయ్యమన్నారు. వేశాను. మిషను కూసింది, పడలేదు. తుడిచి వేశాను. నూనె రాసి వేశాను. పది వేళ్ళూ అయిపోయాయి, ఒక్కటీ పడలేదు. ఆఖరికి కాయితం మీద ఇంటూ గుర్తు నిశానీ పెట్టించుకుని, స్తుతితో సాక్షి సంతకం చేయించుకున్నారు. అప్పుడే నాకు అర్థమైంది ఇది అయ్యే పని కాదని. కాసు మీద రాజు లేడు, నా వేలి మీద నేను లేను, ఇద్దరం కలిసి ఆఫీసుకి సాక్ష్యం చెప్పడానికి పోయాం.

పద్దెనిమిదో రోజున జవాబొచ్చింది. సమర్పించిన వస్తువు వలన కాలం నిర్ధారణ కానందున అభ్యర్థన తిరస్కరించడమైనది. స్తుతి చదివి, కాయితం మడిచి నా చేతిలో పెట్టింది. అస్థికలు ఏవైనా ఉంటే పదిహేను రోజుల్లో తీసుకుపోవాలని కింద ఇంకో ముక్క ఉంది. ఏవైనా ఉంటే, అంట.

ఆ పదిహేను రోజుల మధ్యలోనే స్తుతి పెళ్ళి. వాయిదా వెయ్యమని పాస్టరుగారే అన్నాడు, పెళ్ళికొడుకు వాళ్ళు ఒప్పుకోలేదు. పెళ్ళి ముందురోజు అలవాటు కొద్దీ చింతపండు నానేశాను. ఆ పిల్ల వచ్చి గిన్నె పక్కకి జరిపి నా ముందు కూర్చుంది.

"తోమొద్దు అమ్మమ్మా. ఇట్టాగే వేసుకుంటాను."

నలభై ఏడేళ్ళలో తోమకుండా వేసుకున్నది అదొక్కతే. గుడిలో నా ముందునుంచి నడిచిపోతుంటే చూశాను. మసకగా, పాత అణా బిళ్ళలాగా ఉంది మెడలో. ఎవరికీ బంగారమని కూడా తోచి ఉండదు. నాకు కోపమొచ్చింది ముందు. తర్వాత ఆ పిల్ల దాన్ని గుప్పిట్లో పట్టుకుని ప్రమాణం చెప్పడం చూసి, ఉన్న చోటే కూర్చుండిపోయాను. ముప్పై ఏళ్ళ కిందట ఒక్కరికి ఈ బుద్ధి పుట్టి ఉంటే మీసమన్నా మిగిలేది. నాకే పుట్టలేదు, ఇంకొకళ్ళని అనడం దేనికి?

మా మగవాళ్ళు తవ్వగలిగినవి తవ్వారు. ఏసోబు పోయి నాలుగేళ్ళే, అందుకని వాణ్ణి తేగలిగారు. మిరపకాయల గోతాలు కొత్తవి కొని, అందులో దుప్పటి పరిచి తెచ్చారు. గుడి వెనక మరుగుదొడ్డి గోడకీ ప్రహరీకీ మధ్య చోటుంటే అక్కడే అందరినీ పక్కపక్కన పెట్టారు. మనవాళ్ళు బతికినన్నాళ్ళూ ఇరుకులోనే బతికారు, అదీ అలవాటే అని ఎవరో అన్నారు.

సీతాఫలం చెట్టు కింద నేనే తవ్వించాను. మోకాలి లోతు, నడుము లోతు. నల్లమట్టి, వేళ్ళు, మళ్ళీ నల్లమట్టి. మూడు రోజుల పిల్ల ఎముకలు ఎంతుంటాయి? మిరప తొడిమలంత. నలభై అయిదేళ్ళు రేగడి వాటిని ఉంచుతుందా? పార పట్టుకున్నతను ఆగి నా మొహం చూశాడు. ఇంకొంచెం అన్నాను. ఇంకొంచెం తవ్వాడు. నీళ్ళూరాయి. ఇక పూడ్చమన్నాను.

సోమవారం మిషనొచ్చింది. పొద్దున్నే వచ్చింది, తొమ్మిదింటికల్లా సగం దొడ్డి చదునైంది. నేను చెట్టు కింద నిలబడ్డాను. మిషను నడిపేది ఒరిస్సా అతను, తెలుగు రాదు. దిగి వచ్చి, ఇక్కడ ఎవరున్నారు అని చేత్తో అడిగాడు. నేను రెండు చేతులూ ఎడంగా పెట్టి, ఇంతుంటుంది అని చూపించాను. అతను తలకున్న గుడ్డ తీసి నిలబడ్డాడు కాసేపు. ఎంతసేపు నిలబడగలడు పాపం, వెనక లారీలు ఆగి ఉన్నాయి. మళ్ళీ ఎక్కి కూర్చుని, నేను పక్కకి జరిగేదాకా ఆగాడు. జరిగాను. నన్ను ఎవరూ లాగలేదు, నేనే జరిగాను. చెట్టు ఒక్క తోపుకి పోయింది, పిందెలతో సహా.

ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోలేదు. పెట్టె తీసి కాసు బయటపెట్టాను, స్తుతి మర్నాడే తిరిగిచ్చి పోయింది. చింతపండు నానేశాను. ఇటుక ముక్క దంచి జల్లించాను. మే నెలలో మా పాలెంలో రెబెకా కూతురి పెళ్ళుంది, దానికోసం అనుకోండి, ఎవరన్నా అడిగితే అదే చెబుతాను. గడపలో కూర్చుని కాసుని ఈసారి నిలువుగా పట్టుకున్నాను. మొహాల జోలికి పోలేదు, అక్కడ నాకు పనేముంది. అంచు మీద పొడి వేసి, బొటనవేలు పెట్టి, చుట్టూ తిప్పుతూ తోమాను.

కాసేపటికి కడిగి గోరు పెట్టి చూశాను. ఆ మాట ఇంకా తగులుతోంది. ఇంకొంచెం పొడి వేశాను.